ముక్కు చూడు ముందు

టెల్మో, దుర్భిణి దించు.
మబ్బు ఇంకా కొండ దిగలేదు,
ఇప్పుడు అద్దాల్లో కనబడేది నీ ఊపిరే.
ముందు విను.

పాట అనుకుని చెవులు రిక్కించకు,
అంత ఉండదు దానికి.
పక్కింటివాళ్ళ నిద్ర చెడకూడదని
చమురు లేని గేటును ఎవరో మెల్లగా తోసినట్టు
ఒక్క ఈల. తగ్గు గొంతు.
ఆగి, ఇంకొకటి.
పట్నం నుంచి వచ్చినవాళ్ళు దాన్ని దుఃఖమని రాసుకుంటారు.
నాకైతే వంటింట్లోంచి "ఉన్నావా?" అంటే
పెరట్లోంచి "ఆఁ" అన్నట్టుంటుంది.

అదిగో, కదిలింది.
కాదు, అది తెంతిల్యావ్. రెక్క మీద తెల్లపట్టీలు.
నీ రొట్టె వాసనకి వచ్చింది, సిగ్గులేనిది.
ఆ పక్కది? నల్లటోపీ ఉంది కదాని తొందరపడకు.
టోపీ చూసి మనిషిని నమ్మినవాడు
మా ఊళ్ళో రెండుసార్లు పొలం అమ్ముకున్నాడు.
ముక్కు చూడు ముందు.
సూదిలా ఉంటే వేరే పిట్ట, రాయకు.
పొట్టిగా, లావుగా, నల్లగా,
మొహంలోకి సగం దిగిన మేకులా ఉంటే
అప్పుడు ప్రియోలో. అప్పుడు తీయి పెన్సిలు.

పెద్దనేల మీద దీని జ్ఞాతుల్లో
మగవాడికి రొమ్మంతా ఎరుపు.
ఏ గాలి తోసుకొచ్చిందో ఈ దీవికి,
దారిలో ఏ అలకి చెల్లించిందో ఆ రంగు,
ఇక్కడ ఆడా మగా ఒకటే వాలకం,
తడిసిన బూడిదలో చిటికెడు ఇటుకపొడి కలిపినట్టు.
నీ కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలెయ్.
నెత్తిన నలుపు లేకపోతే ఈ ఏటి పిల్ల.
అంతకుమించి తెలుసన్నవాడు అబద్ధమాడుతున్నట్టే.

చలికాలం ఫెర్న్ ఆకుల మీద నెట్టుకొస్తుంది.
ఆకు వెనక గోధుమరంగు నలుసులుంటాయే,
కాల్చిన కంకి వరసగా ఒలుచుకున్నట్టు
చివరిదాకా తిని, ఈనె వదిలేస్తుంది.
వసంతానికి ముందు, అడవి గిన్నెలు బోర్లించే నెలలో,
అజెవిన్యు మొగ్గలు.
మొగ్గలంటే పడి చస్తుంది.
చచ్చింది కూడా అందుకే.

నారింజతోటల ఆఖరి రోజుల్లో
ముక్కుకి ఇంత అని కట్టి ఇచ్చేవాడట మా ఊరి తోట ఆసామి.
మా ముత్తాత జెర్వాజియోకి అప్పుడు పదేళ్ళు.
వలా జిగురూ ఆయన ఆటవస్తువులు.
ముక్కులు దాచిన పొగాకు డబ్బా నేను చూశాను,
అవ్వ అందులో గుండీలు పెట్టుకునేది.
అడుగున రెండు మిగిలిపోయాయి, లెక్కకి రానివి.
ఎనిమిదేళ్ళప్పుడు, గుండీ అనుకుని
బొమ్మ చొక్కాకి కుట్టబోయాను.
ఎంత తిప్పినా సూది దూరే బెజ్జం లేదు.
అవ్వ వచ్చి లాక్కుంది, ఏమీ అనలేదు.
చాలా రోజుల తర్వాత, బఠాణీలు ఒలుస్తూ అంది:
"మా నాన్న మొదటి చెప్పులు ఆ డబ్బుతోనే."

చెట్లకి తెగులొచ్చి నారింజలూ పోయాయి.
మిగిలిన పిట్టలు ఇటు, ఈ చలిలోకి, మబ్బులోకి.

పదకొండేళ్ళుగా ఇక్కడ అడవిఅల్లం పెకలిస్తున్నాను.
పసుపు పువ్వు, మంచి వాసన,
చర్చికి మోపులుమోపులు కోసుకెళతారు.
దాని నీడన ఇంకేదీ మొలవదు,
వేలెడు దుంప వదిలితే చాలు, వానకి లేచి కూర్చుంటుంది.
ఆయనకి ముక్కుకి ఇంత.
నాకు గంటకి ఇంత.
ప్రాయశ్చిత్తం అనే మాట తేకు, టెల్మో,
ఇంటి అద్దె కట్టాలి.
అయినా జీతం రోజున, బ్యాంకు నుంచి వస్తూ,
ఎందుకో నా చెప్పులు చూసుకుంటాను.

ఉష్.
ఆ వంగిన కొమ్మ కింద.
గాలి లేదు, ఆకు ఊగుతోంది.

విన్నావా?
ఏడూ పన్నెండు. ఒకటి అని రాయి.
పెన్సిలు జేబులో పెట్టకు,
ఇంకా "ఆఁ" అనలేదు
రెండోది.